మా ఊళ్ళో మొదటి బ్యాంకు ఏది? తాతగారి రశీదు మీద ఉన్న ఆ బ్యాంకు ఏమైంది?

మీరు అడిగింది క్లుప్తంగా మళ్ళీ చెప్తాను, తర్వాత చదివేవాళ్ళకి తెలియాలి కదా. మీరు ఉండేది చెన్నైలో, వేళచ్చేరిలో. సొంతూరు బందరుకి ఇరవై మైళ్ళ లోపున్న చిన్న టౌను. ఊరి పేరు రాయలేదు. ఊళ్ళో మొదటి బ్యాంకు ఆంధ్రా బ్యాంకేనని మీ నాన్నగారు అంటారు, కాదు ఇంపీరియల్ బ్యాంకని మీ మామయ్య అంటారు. మొన్న తాతగారి ట్రంకు పెట్టెలో 1958 నాటి భారత లక్ష్మీ బ్యాంకు రశీదు దొరికింది. ఆ పేరు ఇంట్లో ఎవరూ విన్నది కాదు. ఊరి బ్యాంకుల చరిత్ర రాయాలని ఉంది, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి అన్నారు.

ముందు సూటిగా జవాబు. భారత లక్ష్మీ బ్యాంకు బందరు బ్యాంకే. డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు పెట్టిన సంస్థల్లో ఒకటి, 1929 నాటిది. అది 1964లో ఆంధ్రా బ్యాంకులో కలిసింది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. అంటే ఇవాళ మీ ఊళ్ళో యూనియన్ బ్యాంకు బోర్డు ఉన్న శాఖే మీ తాతగారి రోజుల్లో భారత లక్ష్మీ శాఖ అయి ఉండొచ్చు. మీ నాన్నగారు చెప్పేదానికి ఆధారం అక్కడ దొరకొచ్చు. మీ మామయ్య మాటనీ కొట్టిపారేయకండి, దాని సంగతి కింద రాస్తాను. ఇక ఎక్కడ మొదలుపెట్టాలి అంటే, మీరున్న చెన్నైలోనే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా మీ ఊరు మద్రాసు పాలన కిందే ఉంది. అప్పటి కాగితాల్లో చాలా భాగం ఎగ్మోరులోని తమిళనాడు ఆర్కైవ్స్ దాటి ఎక్కడికీ పోలేదు.

నా గురించి రెండు ముక్కలు. 1979లో నెల్లూరు జిల్లాలో ఒక చిన్న ఊరి శాఖలో క్లర్కుగా చేరాను. ప్రభుత్వ రంగ బ్యాంకులో 36 ఏళ్ళు పనిచేసి, ఆఖరి పదేళ్ళూ ఇన్‌స్పెక్షన్ పని మీద కోస్తా జిల్లాలన్నీ తిరిగి రిటైరయ్యాను. ఇప్పుడు పెరంబూరులో ఉంటున్నాను. ఏ శాఖకి వెళ్ళినా ఆ ఊరికి బ్యాంకు ఎప్పుడొచ్చింది, ఎవరు తెచ్చారు, ఎవరికోసం తెచ్చారు అని అడిగి నోటుబుక్కులో రాసుకునే అలవాటు ఉండేది. అదే ఇప్పుడు మీకు పనికొస్తోంది.

"మొదటి బ్యాంకు" అంటే దేన్ని లెక్కపెడతారో ముందే తేల్చుకోండి. ఇంట్లో వాదన సగం ఇక్కడే వస్తుంది. జనం డబ్బు దాచుకునే చోటు అంటే చాలా ఊళ్ళలో మొదటిది పోస్టాఫీసే. పోస్టాఫీసు సేవింగ్స్ బ్యాంకు దేశమంతటా 1882లో మొదలైంది. అప్పిచ్చే సంస్థ అంటే సహకార సంఘం. 1904 చట్టం తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీలో ఇవి జోరుగా పుట్టాయి, జనం వాటినీ బ్యాంకనే పిలిచేవాళ్ళు. టౌన్ బ్యాంకు, అర్బన్ బ్యాంకు, సెంట్రల్ బ్యాంకు అని ఊళ్ళో పెద్దవాళ్ళు అంటే అది చాలాసార్లు సహకార బ్యాంకే, ముంబయిలో హెడ్డాఫీసున్న సెంట్రల్ బ్యాంక్ ఆఫ్ ఇండియా కాదు. భూమి తనఖా పెట్టి దీర్ఘకాలం అప్పు తీసుకునే ల్యాండ్ మార్టుగేజి బ్యాంకులు మళ్ళీ వేరు. వాటికి పైన మద్రాసులో సెంట్రల్ ల్యాండ్ మార్టుగేజి బ్యాంకు 1929లో వచ్చింది. కృష్ణా జిల్లా రైతు ఇళ్ళలో ఈ పేరు ఇప్పటికీ వినిపిస్తుంది, ఎందుకంటే పాత ప్రోనోటు బాకీలు తీర్చి పొలం దక్కించుకున్నవాళ్ళు ఆ అప్పుతోనే దక్కించుకున్నారు. ఇవన్నీ పక్కన పెట్టి, చెక్కు రాస్తే చెల్లే వాణిజ్య బ్యాంకు మాత్రమే లెక్క అంటే జవాబు మారిపోతుంది. మీ వ్యాసంలో ఈ మాట మొదటి పేజీలోనే రాయండి.

ఇక మీ మామయ్య గారి ఇంపీరియల్ బ్యాంకు. 1843లో పెట్టిన బ్యాంక్ ఆఫ్ మద్రాస్, కలకత్తా, బొంబాయి బ్యాంకులతో కలిసి 1921 జనవరి 27న ఇంపీరియల్ బ్యాంకయింది, అదే తర్వాత స్టేట్ బ్యాంకు. బీచ్ రోడ్డులో, అదే ఇప్పటి రాజాజీ సాలైలో, స్టేట్ బ్యాంకు ఎర్ర భవనం చూసే ఉంటారు, అది బ్యాంక్ ఆఫ్ మద్రాస్ కట్టించుకున్నదే. ఆ బ్యాంకు దృష్టంతా రేవుల మీద, ఎగుమతి సరుకు మీద ఉండేది. తెలుగు నేల మీద కాకినాడలో శాఖ పెట్టడానికి కారణం అదే. ఇంపీరియల్ బ్యాంకు వచ్చాక అయిదేళ్ళలో కొత్తగా వంద శాఖలు తెరవాలని ప్రభుత్వం షరతు పెట్టింది. అప్పుడే కొన్ని లోపలి పట్నాలకీ శాఖలు వచ్చాయి.

కానీ చిన్న ఊళ్ళలో ఇంపీరియల్ బ్యాంకు పేరు ఎలా మిగిలిందో నా అనుభవంలో రెండు రకాలుగా చూశాను. ఒకటి, అది పూర్తి శాఖ కాక 'పే ఆఫీసు' అయి ఉండటం. అంటే పెద్ద శాఖ కింద నడిచే చిన్న ఆఫీసు. రెండోది, సర్కారు ట్రెజరీ లావాదేవీలు. ఇంపీరియల్ బ్యాంకు శాఖ ఉన్నచోట ప్రభుత్వ డబ్బు వ్యవహారం దాని చేతిలో ఉండేది. లేనిచోట తాలూకా ట్రెజరీయే చూసుకునేది. కానీ శిస్తు కట్టడానికో పింఛను తెచ్చుకోవడానికో వెళ్ళిన తాతగారు ఇంటికొచ్చి "బ్యాంకుకి వెళ్ళొచ్చాను" అని అని ఉండొచ్చు. మీ మామయ్యని ఒక్క ప్రశ్న అడగండి: ఆ బ్యాంకు పెద్దని ఏమని పిలిచేవాళ్ళు? "ఏజెంటు గారు" అంటే నిజంగా ఇంపీరియల్ శాఖో, తర్వాతి స్టేట్ బ్యాంకు శాఖో అయి ఉండే అవకాశం ఎక్కువ. మేనేజరు అనే మాట వాళ్ళ శాఖల్లో చాలా ఆలస్యంగా వచ్చింది. నేను చేరిన రోజుల్లో కూడా పాత ఖాతాదార్లు స్టేట్ బ్యాంకు మేనేజర్ని ఏజెంటు గారూ అనే పలకరించేవాళ్ళు. మేనేజరు వస్తుంటే బజారులో లేచి నిలబడేవాళ్ళని చూశాను.

బందరు కథ కొంచెం విడిగా చెప్పాలి. అది లేకుండా మీ రశీదు అర్థం కాదు.

1906 అక్టోబరులో మద్రాసులో అర్బత్‌నాట్ కంపెనీ దివాలా తీసింది. అది ఇంగ్లీషు దొరల పేరున్న పెద్ద సంస్థ. వడ్డీ బాగా ఇస్తుందని ప్రెసిడెన్సీ అంతటా ఉద్యోగులు, వితంతువులు, చిన్న జమీందార్లు అందులో డబ్బు పెట్టారు. అందరిదీ పోయింది. యజమాని సర్ జార్జ్ అర్బత్‌నాట్‌కి జైలు శిక్ష పడింది. కానీ జనానికి అసలు నేర్పింది ఆ శిక్ష కాదు. మన డబ్బు మన చేతిలో ఉండే బ్యాంకు కావాలి అన్న ఆలోచన ఆ దెబ్బతోనే పుట్టింది. లాయరు వి. కృష్ణస్వామి అయ్యర్ లాంటివాళ్ళు పూనుకుని 1907 ఆగస్టు 15న ఇండియన్ బ్యాంకు తెరిచారు. మంగళూరు, ఉడిపి వైపు కెనరా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకు 1906లోనే పుట్టాయి. స్వదేశీ గాలి అన్నిచోట్లా ఉంది.

బందరుకి ఆ గాలి ముందే వచ్చింది. కృష్ణాపత్రిక 1902 నుంచి అక్కడే వస్తోంది. పట్టాభి గారు డాక్టరు. బందరులో ప్రాక్టీసు పెట్టి బాగా సంపాదించి, తర్వాత దాన్ని వదిలేసి కాంగ్రెసు పనిలో, సంస్థలు కట్టే పనిలో పడ్డారు. 1915లో కృష్ణా కోఆపరేటివ్ బ్యాంకు, 1923లో ఆంధ్రా బ్యాంకు, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు, 1929లో భారత లక్ష్మీ బ్యాంకు. వరసగా చూడండి, ఇది ఒక మనిషి మనసులో ఉన్న పథకంలా కనిపిస్తుంది. రైతుకి సహకార బ్యాంకు, వ్యాపారికి వాణిజ్య బ్యాంకు, కుటుంబానికి ఇన్సూరెన్సు. ఆంధ్రా బ్యాంకు 1923 నవంబరు 20న రిజిస్టరై, 28న పని మొదలుపెట్టింది. చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు, అధీకృత మూలధనం పది లక్షలు. ఈ రెండు తేదీల్లో ఏది పుట్టినరోజు అని కొందరు వాదిస్తారు. రెండూ రాయండి, ఏది దేనికో చెప్పండి.

డెల్టాలోనే ఇన్ని బ్యాంకులు ఎందుకొచ్చాయి అంటే కృష్ణ మీద బెజవాడ దగ్గర ఆనకట్ట, 1855లో పూర్తయినది. నీళ్ళొచ్చి, వరి పండి, రైసు మిల్లులు వచ్చాయి. మిల్లుకి కోతల కాలంలో ఒక్కసారిగా రొక్కం కావాలి, ఆరునెలలకి గానీ తిరిగి రాదు. అప్పటిదాకా ఆ డబ్బు షావుకార్లు, మార్వాడీ సేట్లు ప్రోనోటు మీద ఇచ్చేవాళ్ళు. బ్యాంకు వచ్చాక గోడౌన్‌లో ధాన్యం బస్తాలు పెట్టి, బ్యాంకు తన తాళం వేసి, దాని మీద అప్పిచ్చింది. మేం దాన్ని కీ లోన్ అనేవాళ్ళం. గోడౌన్ కీపరు తాళంచెవుల గుత్తితో రోజూ మిల్లుకి వెళ్ళి, కట్టిన డబ్బుకి సరిపడా బస్తాలు లెక్కపెట్టి వదిలేవాడు. మీ ఊళ్ళో 1960కి ముందు ఏదైనా రైసు మిల్లు ఉంటే, దాని యజమాని కుటుంబాన్ని ముందు కలవండి. బ్యాంకు బోర్డు కంటే మిల్లు లెక్కల పుస్తకం నమ్మకమైన సాక్షి. మరొక కారణం ఎవరూ చెప్పరు. రాజాజీ ప్రభుత్వం 1938లో తెచ్చిన మద్రాసు రైతు రుణ విమోచన చట్టం పాత బాకీలని తగ్గించేసింది. రైతులకి ఊపిరి వచ్చింది, కానీ ప్రైవేటు వడ్డీ వ్యాపారులు చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఆ ఖాళీలోకి బ్యాంకులూ సహకార సంఘాలూ వచ్చాయని నా అభిప్రాయం.

సరే, ఇన్ని చిన్న బ్యాంకులు తర్వాత ఏమయ్యాయి? దేశంలో 1951లో 566 బ్యాంకులుంటే 1969 నాటికి వంద లోపే మిగిలాయి. కొన్ని మూతపడ్డాయి, ఎక్కువ కలిసిపోయాయి. ట్రావన్కోర్ నేషనల్ అండ్ క్విలన్ బ్యాంకు 1938 జూన్‌లో చెల్లింపులు ఆపేసినప్పుడు దక్షిణాదిలో చిన్న బ్యాంకులన్నిటి ముందూ జనం బారులు తీరారు. 1960 ఆగస్టులో కేరళలో పాలై సెంట్రల్ బ్యాంకు మూతపడింది. ఆ దెబ్బకి రెండు మార్పులొచ్చాయి. బలహీన బ్యాంకుని బలమైనదానిలో కలిపే అధికారం రిజర్వు బ్యాంకు, కేంద్రం చేతికి వచ్చింది. 1962 జనవరి 1 నుంచి డిపాజిట్లకి ఇన్సూరెన్సు వచ్చింది, మొదట్లో మనిషికి 1,500 రూపాయల దాకా. ఇప్పుడది 5 లక్షలు. భారత లక్ష్మీ విలీనం ఈ కలపడాల కాలంలోనే జరిగింది. మీ ఊళ్ళో ఆ రోజు జనం భయపడ్డారా, బోర్డు మారిందంతేనా అన్నది ఎనభై ఏళ్ళు దాటినవాళ్ళని అడిగి రాసుకోండి, వీలైనంత త్వరగా. నేను ఆలస్యం చేసి పోగొట్టుకున్నవి చాలా ఉన్నాయి.

నా సొంత అనుభవం ఒకటి. డెల్టాలో ఒక శాఖకి ఇన్‌స్పెక్షన్‌కి వెళ్ళాను. రికార్డు ప్రకారం శాఖ ప్రారంభం 1960ల్లో. స్ట్రాంగ్ రూము ఇనప తలుపు మీద ఆకుపచ్చ రంగు పొరలుపొరలుగా ఉంది. ఒకచోట పెచ్చు లేచి లోపల ఇంకో బ్యాంకు పేరు పొట్టి అక్షరాలు కనిపించాయి. మేనేజర్ని అడిగితే ఆయనకి తెలియదు. ఇంటి ఓనరు దగ్గరికి వెళ్ళి పాత అద్దె అగ్రిమెంటు అడిగాం. ఆయన తండ్రి ఆ ఇంటిని 1930ల్లోనే వేరే బ్యాంకుకి అద్దెకిచ్చారు! విలీనమైన రోజునే రికార్డు శాఖ పుట్టిన రోజుగా రాసుకుంది, అంతకు ముందు ముప్పై ఏళ్ళు ఎగిరిపోయాయి. బ్యాంకు చెప్పే ప్రారంభ తేదీ చాలాసార్లు ఆ బ్యాంకు ఆ ఊరికి వచ్చిన తేదీయే తప్ప, ఆ గదిలో బ్యాంకు మొదలైన తేదీ కాదు. రిజర్వు బ్యాంకు వెబ్‌సైటులో శాఖల జాబితాలో ప్రారంభ తేదీలుంటాయి, చూడండి. చూసి, అక్కడితో ఆగకండి.

వెతికే చోట్లలో నాకు ఎక్కువ ఫలితం ఇచ్చింది సబ్ రిజిస్ట్రారు ఆఫీసు. పొలం మీద ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా, తీయిస్తే తనఖా ఎవరికి పెట్టారో, ఏ సంవత్సరమో వస్తుంది. మా సహోద్యోగి ఒకాయన వాళ్ళ తాతగారి పొలానికి తీయిస్తే 1936 నాటి ల్యాండ్ మార్టుగేజి బ్యాంకు తనఖా బయటపడింది, ఊళ్ళో అలాంటిది ఉండేదనే ఎవరికీ తెలియదు. ఆన్‌లైన్‌లో 1983 నుంచే దొరుకుతుంది. అంతకు ముందుది కావాలంటే ఆఫీసులో అర్జీ పెట్టి చేత్తో వెతికించాలి, ఓపిక కావాలి. ఇక్కడో జాగ్రత్త. ఈసీలో బ్యాంకు పేరు లేకపోతే బ్యాంకు లేదని కాదు. దస్తావేజులు బ్యాంకుకి అప్పగించి అప్పు తీసుకునే పద్ధతిలో రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ ఆ అప్పగింత ప్రభుత్వం నోటిఫై చేసిన పట్నాల్లోనే జరగాలి, మద్రాసు వాటిలో ఒకటి. అందుకని చిన్న ఊరి మిల్లు యజమానులు దస్తావేజుల సంచీతో రాత్రి రైలెక్కి మద్రాసొచ్చి, బ్యాంకులో ఇచ్చి, మర్నాడు తిరుగు రైలెక్కేవాళ్ళు. ఇది మా సీనియర్లు కళ్ళకి కట్టినట్టు చెప్పేవాళ్ళు.

రెండో చోటు అప్రైజర్ల ఇళ్ళు. బంగారం తాకట్టు అప్పుకి నగ గీటురాయి మీద గీసి విలువ కట్టే షరాబు గారు. మేనేజర్లు మూడేళ్ళకోసారి మారిపోతారు, ఆయన కదలడు. తండ్రి తర్వాత కొడుకు, తర్వాత మనవడు అదే శాఖకి అప్రైజరుగా ఉన్న కుటుంబాలు నాకు తెలుసు. ఏ బ్యాంకు ఏ సంవత్సరం ఏ వీధిలో ఉండేదో వాళ్ళకి నోటికొచ్చు. అప్పు రిజిస్టర్లు గడువు దాటాక చించేస్తారు కాబట్టి ఆ కుటుంబాల మాటే ఇప్పుడు మిగిలింది.

చెన్నైలో మీరు చూడాల్సినవి: ఎగ్మోరులో తమిళనాడు ఆర్కైవ్స్, దగ్గర్లోనే పాంథియన్ రోడ్డులో కన్నెమరా లైబ్రరీ. ఆర్కైవ్స్‌లో పరిశోధనకి ముందుగా దరఖాస్తు పెట్టి అనుమతి తీసుకోవాలి. 1929-30లో పనిచేసిన మద్రాసు ప్రొవిన్షియల్ బ్యాంకింగ్ విచారణ కమిటీ నివేదిక అడగండి. అప్పటి వడ్డీ రేట్లు, షావుకార్లు, 'నిధి' అనే పేరుతో నడిచే పరస్పర పొదుపు సంస్థలు, సహకార సంఘాలు ఎలా నడిచాయో సాక్షుల మాటల్లో ఉంటుంది. 'బ్యాంకుల గణాంక పట్టికలు' అని ఏటేటా వేసే ప్రభుత్వ పుస్తకం ఇంకోటి. తెలుగు చదవడం వచ్చు కాబట్టి పాత కృష్ణాపత్రిక, ఆంధ్రపత్రిక సంచికల్లో ప్రకటనల పేజీలు వదలకండి. ఆంధ్రపత్రిక దినపత్రిక 1914 నుంచి మద్రాసులోనే వచ్చింది. కొత్త శాఖ తెరిచామని బ్యాంకులు వేసే చిన్న ప్రకటన ఒక్కటి దొరికితే మీ ఇంటి వాదన ఆరోజే తేలిపోతుంది. ఇంపీరియల్ బ్యాంకు పాత రికార్డులు మాత్రం కలకత్తాలో స్టేట్ బ్యాంకు ఆర్కైవ్స్‌లో ఉంటాయి.

1955 తర్వాతది వెతకడం సులువు, అందుకని పెద్దగా రాయను. స్టేట్ బ్యాంకు 1955 జులై 1న వచ్చి అయిదేళ్ళలో 400 శాఖలు తెరవాల్సి వచ్చింది, చాలా చిన్న టౌన్లకి అప్పుడే చేరింది. 1969 జులై 19న 14 బ్యాంకులు జాతీయం అయ్యాయి. దేశం మొత్తానికి అప్పుడున్న శాఖలు 8,262, అందులో పల్లెల్లో 1,833. ఆంధ్రా బ్యాంకు ఈ పద్నాలుగులో లేదు. అది 1980 ఏప్రిల్ 15న, రెండో విడత ఆరింటిలో జాతీయమైంది. మన ఊళ్ళ చరిత్రలు రాసేవాళ్ళు ఎక్కువగా తప్పు రాసేది ఇక్కడే. నేను చేరిన 1979లో ఆంధ్రా బ్యాంకు ఇంకా ప్రైవేటు బ్యాంకే. గ్రామీణ బ్యాంకులు 1975 నుంచి మొదలయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో మిగిలిన నాలుగూ 2025 మే 1న ఒక్కటైపోయాయి, కాబట్టి ఆ బోర్డుల ఫోటోలు కూడా ఇప్పుడే తీసుకోండి. 2020లో ఆంధ్రా బ్యాంకు బోర్డులు దించుతుంటే ఒక్కరం కూడా వరసగా ఫోటోలు తీసి దాచలేదు. తొంభై ఆరేళ్ళు దాటిన పేరు అది. నేను వేరే బ్యాంకువాణ్ణే అయినా ఆ బాధ నాకు ఇంకా ఉంది.

రశీదు మీద డబ్బు వస్తుందా అని చివర్లో అడిగారు. అది డబ్బు కట్టిన చలానా కౌంటర్‌ఫాయిల్ అయితే ఆ రోజు కట్టారనే తప్ప, ఇప్పుడు ఖాతాలో ఉందనడానికి రుజువు కాదు. ఫిక్సెడ్ డిపాజిట్ రశీదే అయితే విషయం వేరు. గడువు తీరాక డబ్బు తీసుకునేటప్పుడు అసలు కాగితం బ్యాంకుకి ఇచ్చేయాలి, అది ఇంట్లోనే ఉందంటే అడిగి చూడటం న్యాయం. విలీనంలో బాకీలు కూడా కొత్త బ్యాంకుకి వస్తాయి, కాబట్టి అడగాల్సింది యూనియన్ బ్యాంకుని. పదేళ్ళు ఎవరూ అడగని డిపాజిట్లు 2014 నుంచి రిజర్వు బ్యాంకు నిధికి వెళ్తున్నాయి. వెళ్ళినా వారసులు బ్యాంకు ద్వారానే అడిగి తీసుకోవచ్చు. అలాంటి డిపాజిట్లు వెతకడానికి రిజర్వు బ్యాంకు 2023లో పెట్టిన ఉద్గమ్ పోర్టల్‌లో తాతగారి పేరుతో వెతకండి. 1958 నాటి మొత్తం కంప్యూటర్ లెక్కల్లోకి ఎక్కి ఉంటుందన్న ఆశ తక్కువే. ఎక్కువ ఆశ పెట్టుకుని అమ్మమ్మగారికి చెప్పకండి.

రశీదు మీద గుండ్రటి స్టాంపు ఉంటుంది, అందులో కింది వరసలో శాఖ పేరు ఉంటుంది. అది చెరిగిపోయి ఉంటే కాగితాన్ని వెలుగుకి ఎదురుగా పట్టుకుని వెనకవైపు నుంచి ఫోటో తీయండి, అక్షరాలు కొంచెం తేలతాయి. ఖాతా నంబరు, సంతకం మూసేసి ఇక్కడ పెట్టండి, ఊరి పేరు కూడా రాయండి. నా పాత నోటుబుక్కుల్లో ఆ ఊరి శాఖ గురించి ఏమైనా ఉంటే చూసి చెప్తాను.